ఆటలో విరిగిన చెయ్యి

గల్ఫ్‌కు పోయి దెబ్బలతో తిరిగొచ్చినవాళ్లు మా సిరిసిల్లలో చాలామందే ఉన్నారు. మా వెనక వీధిలో ఒకాయన కట్టడం మీదినుంచి జారిపడి కాలు విరిగి వచ్చాడు. ఆయన వచ్చిన రోజు వాడకట్టంతా పోయి చూసింది. ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుని కళ్లొత్తుకున్నారు. నేను వచ్చినప్పుడు కూడా అందరూ వచ్చారు. ఎడమ చేతికి కట్టిన పట్టీ చూసి, ఎక్కడ పడ్డావని అడిగారు. పడలేదు, ఆడుతుంటే తగిలిందని చెప్పాను. చాయ్ తాగి, చెయ్యి పైలం, జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయారు.

మా బాపుకు చెవులు సరిగా వినిపించవు. బతుకంతా మరమగ్గాల చప్పుడులో గడిపినవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు రెండు సాంచాలున్నాయి. బాపు వాటి మధ్యలోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నా ముందు కూర్చున్నాడు.

"ఏం ఆటరా?"

"గోల్ఫ్, బాపూ."

"ఏందీ?"

"గోల్ఫ్! పొడుగు కర్రతోని చిన్న బంతిని కొడతరు. దూరంగ ఒక గుంత ఉంటది. అండ్ల పడాలె."

"చిర్రగోనె లెక్కనా?"

"గట్లనే అనుకో."

"గీ వయసుల చిర్రగోనె ఆడి చెయ్యి కరాబు చేసుకున్నవా కొడుకా!"

చిర్రగోనె అంటే పిల్లలాడే గిల్లీదండా. వినిపించనివాళ్లు గట్టిగా మాట్లాడతారు. ఆ మాట పక్కింటికీ, దాని పక్కింటికీ చేరింది. ఆ తరువాత వీధి మలుపు దగ్గర హోటల్లో నేను కనబడితే చాలు, ఎవరో ఒకరు చిర్రగోనె సంగతి ఎత్తేవారు. అందులో కక్షేమీ లేదు. నాకూ నవ్వొచ్చేది. నవ్వుతూనే ఎడమ చేతిని ఒళ్లోకి లాక్కునేవాణ్ణి.

నేను గల్ఫ్‌కు పోయింది గడ్డి కోసే పనికి. తోటపని అని చెప్పి తీసుకుపోయారు. తీరా చూస్తే ఇసుక నేల మధ్య కనుచూపుమేర పచ్చగడ్డి. అది తోట కాదు, ఆట మైదానమని దిగాకే తెలిసింది. కొన్నాళ్లకు గడ్డి పనినుంచి తీసి, ఆటగాళ్లు సాధన చేసేచోట బంతులు ఏరే పనిలో పెట్టారు. ఆ తరువాత, నాలుగు ఇంగ్లిషు మాటలు వచ్చాయని, ఆడేవాళ్ల వెంట కర్రల సంచి మోసే పనికి మార్చారు.

దూరంనుంచి చూస్తే అది దెబ్బలు తగిలే ఆటలాగే ఉండదు. ఎవరూ పరుగెత్తరు. ఎవరూ ఎవరినీ తోయరు. ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చి, మెల్లగా నడిచి, నిలబడి కొడతారు. కానీ సంచి మోస్తూ రోజూ వాళ్ల వెనకే ఉండేవాడికి వేరే సంగతులు కనబడతాయి. కారు దిగేటప్పుడు నడుం పట్టుకునేవాళ్లు. మోచేతికి పట్టీ లేకుండా రానివాళ్లు. ఎడమ మోకాలు వాచి, మెట్ల దగ్గర ఆగిపోయేవాళ్లు. ఆట నేర్పే కోచ్ వాళ్లకు విడమరిచి చెబుతుంటే నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. కొట్టేటప్పుడు పాదాలు నేలను పట్టుకుని ఉంటాయి, భుజాలు మాత్రం గిర్రున తిరుగుతాయి, తుంటి ఆ తిరుగుడుకు లొంగకపోతే ఆ మెలికంతా నడుం పూసలమీద పడుతుందని చెప్పేవాడు. తడిబట్టను రెండు చేతులతో పిండితే మధ్యలో ఏమవుతుందో అదే. కొట్టడం అయ్యాక ఒంటి బరువంతా ఎడమ కాలిమీదికి వస్తుంది, పాదం కదలకుండా మోకాలొక్కటే తిరిగితే అది వాస్తుంది. బంతికంటే ముందు నేల తగిలితే ఆ అదురు కర్రలోంచి మణికట్టుకు, అక్కడినుంచి మోచేతికి ఎక్కుతుంది. ఒకసారైతే పరవాలేదు. అదే పని రోజూ వందలసార్లు చేస్తే నరం తెగినంత పని అవుతుంది.

నేను ఎక్కువగా ఒక ముసలి సాబ్ వెంట పోయేవాణ్ణి. పొట్టి మనిషి, చాలా మర్యాదస్తుడు. నన్ను భుజం తట్టి పిలిచేవాడు. ఆయనకు కుర్రతనంలో బంతి ఎంత దూరం పోయేదో ఇప్పుడూ అంతే పోవాలని ఉండేది. తుంటి బిగుసుకుపోయింది, కొట్టడం తగ్గించమని డాక్టర్ చెప్పినట్టు ఆయనే నాతో అన్నాడు. అంటూనే పొడుగాటి కర్ర తీయమని చేయి చాపేవాడు. నేను తీసి ఇచ్చేవాణ్ణి. వద్దని చెప్పడానికి నేనెవరిని?

ఒక పొద్దున కొట్టడం పూర్తయ్యాక ఆయన నిటారు కాలేదు. కర్రను చేతికర్రలా నేలకు ఆన్చి, అలాగే వంగి నిలబడిపోయాడు. మొహం తెల్లబడింది. పట్టుకోబోతే, "ముట్టుకోకు" అన్నాడు చిన్నగా. కూర్చోలేడు, నిలబడలేడు. బండి వచ్చేదాకా నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతుంటే చూడకూడదని గడ్డి వైపు చూశాను. ఆ తరువాత ఆయన మళ్లీ ఆడలేదు. ఒకరోజు కారులోనే కూర్చుని నన్ను పిలిపించి, తన సంచిలోంచి ఒక కర్ర తీసి ఇచ్చాడు. "నువ్వు బాగా చూస్తావు, నువ్వు ఆడు" అన్నాడు.

తెల్లారగానే, ఆటగాళ్లు రాకముందు, పనివాళ్లను అక్కడ సాధన చేసుకోనిచ్చేవారు. చాలామంది ఆ సమయంలో పడుకునేవాళ్లు. నేను పోయేవాణ్ణి. ఎందుకు పోయానో ఇప్పుడు చెప్పమంటే తేలిగ్గా చెప్పలేను. అక్కడ నేను చేసే పనులన్నీ ఇంకొకరి కోసం. ఆ కాసేపు కొట్టే బంతి మాత్రం నాది.

సాధన చేసేచోట నేలమీద పచ్చటి చాపలు పరిచి ఉంటాయి. మా వంతుకు వచ్చేవి అరిగిపోయిన చాపలు. వాటి కింద సిమెంటు. కర్ర కాస్త కిందికి దిగిందంటే సిమెంటుకు తగిలి ఖంగుమనేది. పైగా ఆ కర్ర సాబ్ ఎత్తుకు చేయించింది. నేను పొడగరిని. వంగి కొట్టలేక దాన్ని చిట్టచివర పట్టుకునేవాణ్ణి. అలా పట్టుకుంటే కర్ర మొదలు ఎడమ అరచేతిలోంచి బయటికి రాదు. చిటికెన వేలికి కింద, మణికట్టుకు కాస్త పైన, అరచేతి మెత్తలో గుచ్చుకుని ఉంటుంది. కొట్టిన ప్రతిసారీ అక్కడే పొడుచుకునేది. కొన్నాళ్లకు అక్కడ నలిగినట్టు నొప్పి మొదలైంది. పని చేసేవాడికి చెయ్యి నొప్పి కొత్తేమీ కాదు. కొబ్బరినూనె రాసుకుని పోయేవాణ్ణి.

మైదానం మూసిన ఒక రోజు పనివాళ్లందరం సరదాగా పోటీ పెట్టుకున్నాం. నా బంతి గడ్డి దాటి, చెట్టు కింద ఎండి గట్టిపడ్డ నేలమీద ఆగింది. బలంగా కొట్టాను. కర్ర ముందు నేలను తాకింది. కరెంటు తీగ పట్టుకున్నట్టు చెయ్యి ఝల్లుమంది, కర్ర జారిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ కర్ర పట్టుకోబోతే వేళ్లు మూసుకోలేదు.

క్యాంపు దవాఖానలో మందు పూసి పట్టీ కట్టారు. వాపు తగ్గింది కానీ పట్టు రాలేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కి ఉండేవి. సంచి ఎత్తితే జారిపోయేది. సూపర్‌వైజర్ మంచివాడే, కొన్నాళ్లు గేటు దగ్గర కూర్చోబెట్టాడు. ఒప్పందం ముగిసింది. ఒంటిచేతి మనిషిని మళ్లీ ఎందుకు తీసుకుంటారు? అలా వచ్చాను.

ఇంటికొచ్చిన వారంలో షెడ్డులోకి పోయాను. సాంచ ఎలా నడపాలో నాకు పుట్టుకతో తెలిసినట్టే. అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోతే తీసి కొత్తది పెట్టాలి, పోగు తెగితే సాంచ ఆపి అతకాలి. మా సాంచాలకు ఆపే పిడి ఎడమ పక్కన ఉంటుంది. పోగు తెగింది. పిడి లాగాను. చెయ్యి మూసుకోక అది జారి, సాంచ ఆగలేదు. ఒక్క క్షణంలో పోగులు తెగి బట్టలో వలలా జాలి పడింది. బాపు పరుగెత్తుకొచ్చి ఆపాడు. చెడిన చోటును వేలితో తడిమి చూసి, తెగిన పోగులు అతకడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి చూశాను.

చందుర్తి వైపు ఒక ఊళ్లో కట్టు కట్టే ముసలాయన ఉన్నాడంటే బాపు నన్ను బస్సెక్కించి తీసుకుపోయాడు. ఆయన మణికట్టు అటూ ఇటూ నొక్కి, నరం తప్పిందని పసరు కట్టు వేశాడు. కట్టు ఉన్నంతకాలం చల్లగా ఉంది. విప్పాక చెయ్యి సన్నబడింది, నొప్పి అలాగే ఉంది.

ఇక నా భార్య పట్టుబట్టింది. ఆమెది కోరుట్ల దగ్గరి ఊరు. వాళ్ల వైపు అందరూ ఎముకల డాక్టరంటే జగిత్యాలకే పోతారు. ఇద్దరం పోయాం. డాక్టర్ పెద్దాయన. బయట బెంచీలమీద పట్టనంత జనం. లోపల మాకు దొరికింది కాసేపే.

"ఎట్ల తలిగింది?"

"గోల్ఫ్ ఆడంగ సార్."

"గోల్ఫా?" ఆయన తలెత్తి నన్ను, నా లుంగీని చూసి నవ్వాడు. మంచి నవ్వే. "ఎక్కడ ఆడినవయ్యా?"

చెప్పాను. ఎక్స్‌రే తీయించాడు. వెలుతురుకు పట్టి చూసి, "ఎముక మంచిగనే ఉంది. నరం బెణికింది. గోలీలు రాస్తున్న, తగ్గుతది" అన్నాడు.

"మరి వేళ్లు ముడవస్తలేవు సార్" అంది నా భార్య.

"కొన్ని దినాలు పడుతదమ్మా."

ఆ ఎక్స్‌రే నాకు పెద్ద శత్రువైంది. ఎముక బాగుందని దాంట్లో ఉంది. బాపు దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు అందులో ఏం కనబడుతుంది? నాకే ఏమీ కనబడదు. "ఎముక మంచిగున్నదట" అని అడిగినవాళ్లందరికీ చెప్పేవాడు. సంతోషంగానే చెప్పేవాడు. వినేవాళ్లు మాత్రం నా చేతి వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసేవారు. ఎముక బాగుంటే పని ఎందుకు చేయడంలేదని నోటితో ఎవరూ అడగలేదు. నొప్పిని తీసి చూపించడానికి లేదు కదా. కొన్నిసార్లు నాకే అనుమానం వచ్చేది, ఇది నిజంగా ఉందా, నేనే అనుకుంటున్నానా అని. అప్పుడు అరచేతి అంచున బొటనవేలితో నొక్కి చూసుకునేవాణ్ణి. కళ్లకు చీకట్లు కమ్మేవి. ఉందని తెలిసి ఒక రకమైన ఊరట కలిగేది.

పసుపు తవ్వే రోజులు వచ్చాయి. బామ్మర్ది కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు. మామ ఒక్కడే చేసుకుంటున్నాడని కోరుట్ల వైపు పోయాం. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లంలో ఎండి, సంచులకు ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాయి. నా భార్య ముందే చెప్పింది.

"నువ్వు ముట్టకు. కూసో."

అల్లుడు చెట్టు కింద మంచం మీద కూర్చుంటే, మామ ఆ వయసులో సంచి ఎత్తుతుంటే, ఎంతసేపని కూర్చుంటాడు? లేచి పోయి సంచి చెవులు పట్టుకున్నాను. బరువంతా కుడి చేతిమీదే వేసుకున్నాను. ఎడమది ఊరికే ఆసరాకు. సంచి నేలనుంచి లేచింది. అరచేతిలో ఎక్కడో టక్కుమంది, దారం తెగినట్టు. నొప్పి కూడా పెద్దగా లేదు. సంచి దించి చెయ్యి చూసుకున్నాను. మూడు వేళ్లు సగం సగం ముడుచుకున్నాయి. చిటికెన వేలు చాచినట్టే ఉండిపోయింది. ముడుచుకో అని చెబుతున్నాను, అది వినడంలేదు. వేరే ఎవరిదో వేలు తెచ్చి నా చేతికి అంటించినట్టుంది.

"ఏమైంది బిడ్డా, ఆయన గట్ల నిలవడ్డడు?" అని మామ కూతుర్ని అడిగాడు.

నా భార్య వచ్చి, ఆ వేలును తన వేళ్లతో మెల్లగా ముడిచింది. వదిలేయగానే అది మళ్లీ చాచుకుంది. ఆమె మళ్లీ ముడిచింది. మళ్లీ చాచుకుంది. "నడు, జగిత్యాల పోదాం" అంది. పసుపు అంటిన చేతులు కూడా కడుక్కోలేదు.

ఈసారి వేరే దవాఖానకు పోయాం. అక్కడ ఎముకల డాక్టర్ ఒక అమ్మాయి, కొత్తగా వచ్చింది. గోల్ఫ్ అని చెబితే ఆమె నవ్వలేదు. బల్లమీదున్న పెన్ను నా చేతికిచ్చింది.

"కర్ర ఎట్ల పట్టుకుంటవో చూపెట్టు."

చూపించాను. పెన్ను మొదలు ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి నొక్కింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"ఇక్కడనే గదా? మస్తు దినాల సంది ఉన్నదా?"

"ఉన్నది మేడమ్."

ఆమె కాగితంమీద బొమ్మ గీసింది. మణికట్టు దగ్గర చిన్న ఎముకలు చాలా ఉంటాయట. అందులో చిటికెన వేలి వైపున్న ఒకదానికి అరచేతిలోకి కొక్కెంలా ఒక మొన ఉంటుందట. కర్ర మొదలు సరిగ్గా దానిమీదే ఆనుతుంది. నేలను కొట్టినప్పుడు ఆ దెబ్బంతా ఆ కొక్కెం తింటుంది. మామూలు ఎక్స్‌రేలో దానిమీద వేరే ఎముకలు అడ్డం వస్తాయి, అందుకని విరిగినా చాలాసార్లు కనబడదు. చిటికెన వేలిని ముడిచే తాడులాంటి నరం ఆ కొక్కెం పక్కనుంచే పోతుంది. విరిగిన అంచు గరుకుగా ఉంటుంది. వేలు కదిలినప్పుడల్లా ఆ నరం దానికి రాసుకుంటూ, రాసుకుంటూ ఉంటుంది.

"ఇగ తెగిపోయింది" అంది ఆమె.

"ముందుగాల అస్తే మంచిగయ్యేదా మేడమ్?" అని నా భార్య అడిగింది.

డాక్టర్ బొమ్మలోని కొక్కెంమీద వేలు పెట్టింది. "అప్పుడు ఆ ముక్క తీసేస్తే సరిపోతుండె" అని మాత్రం అంది. మేము ముందే వచ్చామని, ఇదే జగిత్యాలకు వచ్చామని నా భార్య చెప్పబోయింది. నేను వద్దన్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. పెద్ద డాక్టర్ చూసిన ఎక్స్‌రేలో అది కనబడలేదు, అంతే. సాబ్ ప్రేమతోనే కర్ర ఇచ్చాడు.

కరీంనగర్‌లో స్కాన్ తీస్తే ఆమె చెప్పినట్టే ఉంది. అక్కడే ఆపరేషన్ చేశారు. విరిగిన ముక్క తీసేశారు. నరం కొసలు చీకి పీచులా అయ్యాయట, కలిపి కుట్టడానికి వీలు కాలేదట. దాన్ని పక్క వేలి నరానికి కలిపారు. ఇప్పుడు ఉంగరం వేలు ముడుచుకుంటే చిటికెన వేలు దానితో పాటు వంగుతుంది, సొంతంగా వంగదు. అరచేతిలో నొప్పి పోయింది. చలికాలం పొద్దున మాత్రం లోపల సూదులు పెట్టినట్టుంటుంది. పట్టు సగం వచ్చింది. మిగతా సగం ఇక రాదని జగిత్యాల డాక్టరే చెప్పింది.

సగం పట్టుతో సాంచ నడపలేనని నాకు తెలుసు. అయినా ప్రయత్నించాను, ఇంకోసారి జాలి పడింది. ఆ రోజు నా భార్య కండెలు చుట్టే మిషన్ దగ్గరనుంచి లేచి వచ్చింది. మా ఇంట్లో కండెలు చుట్టేది ఆమే.

"నువ్వు కండెలు సుట్టు. సాంచ నేను సూసుకుంట" అంది.

"నీకు అస్తదా?"

"మామ నేర్పుతడు" అంది బాపును చూపిస్తూ.

బాపుకు ఆమె మాట వినపడలేదు. కానీ ఆమె పిడి దగ్గర నిలబడటం చూసి అర్థమైంది. కాసేపు నా వైపు చూశాడు. ఆయన ఆమెకు నాడె తీసి చూపించి, కండె ఎలా పెట్టాలో నేర్పడం మొదలుపెట్టాడు. నేను మిషన్ దగ్గర కూర్చున్నాను. ఆమె కూర్చునే పీట నాకు చాలా తక్కువ ఎత్తు, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ముగ్గురం ఒకే షెడ్డులో ఉన్నాం. చప్పుడులో ఎవరూ మాట్లాడుకోవడానికి లేదు. ఆమె పోగు అతకడంలో తడబడుతుంటే లేచి పోయి అతకాలనిపించేది. ఆ పని నాకు కళ్లు మూసుకుని వచ్చు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కొన్ని వారాలకు ఆమెకు పని పట్టుబడింది. ఇప్పుడు రెండో సాంచ ఆమెదే.

మొన్నొక సాయంత్రం కరెంటు పోయి సాంచాలు ఆగాయి. ఆ నిశ్శబ్దం మొదట చెవులకు నొప్పిగా ఉంటుంది. ఆమె తలలోని దూది నలకలు దులుపుకుంటూ షెడ్డు గడపమీద కూర్చుంది. నేనూ పోయి కూర్చున్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని, డాక్టర్ చెప్పినట్టు వేళ్లను ఒక్కొక్కటిగా వంచి చాపుతూ ఉంది. ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు గా ఆట మంచిగ ఆడేటోనివా?"

ఇన్నాళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎలా తగిలింది, ఎప్పుడు తగ్గుతుంది అనేవే అడిగారు.

"మంచిగనే ఆడేటోన్ని" అన్నాను.

"ఎట్లుంటది, కొట్టంగ?"

"మంచిగ తలిగితే చేతికి ఏం తెల్వది. కొట్టినట్టే ఉండది. బంతి మాత్రం పోతుంటది, సూస్తనే ఉంటవ్."

ఆమె నా మొహంలోకి చూసి, మళ్లీ వేళ్లమీదికి చూపు దించింది. చిటికెన వేలును వంచి, వదలకుండా అలాగే పట్టుకుంది. లోపల బాపు, కరెంటు ఎప్పుడొస్తుందో కనుక్కొమ్మని అరుస్తున్నాడు.